పాత కంప్యూటర్‌లో ఉండిపోయిన అమానతు

మా తండ్రిగారు మరణించిన పదకొండవ రోజున అస్ర్ నమాజు తర్వాత ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. సలాం చేసి, వరండాలో కూర్చొని, మర్హూమ్ మంచితనాన్ని గురించి నాలుగు మాటలు చెప్పి, చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. లేవబోతూ అన్నారు: “బేటా, ఈ సమయంలో అడగరాదు. మీ అబ్బాజాన్ దగ్గర నా డబ్బు నలభై వేలు అమానతుగా ఉంది. కాగితమేదీ లేదు. నా ఎదుటే కంప్యూటర్‌లో వ్రాసుకున్నారు.”

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. మా మొహల్లా మసీదులో మా చిన్నతనం నుంచి మొదటి వరుసలో చూస్తున్న వ్యక్తి. అయినా నలభై వేలు మా ఇంటికి చిన్న మొత్తమేమీ కాదు. పైగా ఆయన చెప్పిన ఆ కంప్యూటర్ అప్పటికి మూడు నెలలుగా వెలగటం లేదు.

మరణించిన మనిషి ఆస్తి ఆ క్షణంలోనే వారసుల చేతికి వచ్చిపడదన్న సంగతి పాఠకులకు తెలిసినదే. ముందు కఫన్ దఫన్ ఖర్చులు, ఆ తర్వాత అప్పులు, ఆ తర్వాత మూడింట ఒక వంతుకు మించని వసీయతు, ఇవన్నీ తీరగా మిగిలినదే వారసుల వాటా. అన్నిసా సూరాలో వాటాలను వివరించిన 11, 12 ఆయతులు అప్పును, వసీయతును పదేపదే గుర్తు చేస్తాయి. జనాజా నమాజుకు ముందు ‘ఇతని మీద అప్పు ఉన్నదా?’ అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) విచారించిన సంఘటనలు హదీసు గ్రంథాలలో ఉన్నాయి. మేము కూడా ఖననానికి ముందు అందరి ఎదుటా నిలబడి, అబ్బాజాన్ ఎవరికైనా బాకీ ఉంటే మమ్మల్ని అడగమని చెప్పాము. చెప్పటం తేలిక. ఇప్పుడు ఒకరు వచ్చి అడిగారు. లెక్క మాత్రం ఆరిపోయిన పెట్టెలో ఉన్నది.

అబ్బాజాన్ కర్నూలులో ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ దుకాణం నడిపారు. షాదీ రుఖ్ఖాలు, జల్సాల కరపత్రాలు, మదర్సా రసీదు పుస్తకాలు, రంజాన్ మాసంలో సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలు అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. 2007లో కొన్న కంప్యూటర్‌తోనే చివరి వరకు పని చేశారు. 80 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014 ఏప్రిల్ 8తో భద్రతా సవరణలు నిలిపివేసింది. కొత్తది కొనమని మేమెన్నిసార్లు చెప్పినా, “ఇందులో పేజ్‌మేకర్ ఉంది, ఇన్‌పేజ్ ఉంది, నా అక్షరాలన్నీ ఇందులోనే ఉన్నాయి” అనేవారు. మేము దానిని మొండితనమనుకున్నాము. కారణం తర్వాత తెలిసింది.

పెద్దాయన వెళ్ళిన మరునాడే కంప్యూటర్‌ను ఒక మరమ్మతు దుకాణానికి పంపించాము. సాయంత్రానికి కబురు వచ్చింది: మదర్‌బోర్డు పోయింది, ఇంత పాత బోర్డు దొరకదు, వేరే బోర్డు వేసి కొత్త విండోస్ ఎక్కిస్తామని. లోపలి ఫైళ్ళ సంగతేమిటని అడిగితే, “పోతాయి సార్, అవి రావు” అన్నారు. అదృష్టవశాత్తూ ఆపా కొడుకు అక్కడే ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో చదువుతున్న కుర్రవాడు. పెట్టెను అలాగే ఆటోలో పెట్టుకొని తిరిగి ఇంటికి తెచ్చాడు.

ఆ దుకాణం వారిని తప్పుపట్టటానికి ఈ మాట వ్రాయటం లేదు. కంప్యూటర్ పోతే అందులోనివన్నీ పోయినట్లేనని చాలా కుటుంబాలు నమ్ముతున్నాయి. మేమూ నమ్మాము. వాస్తవంలో కంప్యూటర్ వేరు, హార్డ్ డిస్కు వేరు. మదర్‌బోర్డు, విద్యుత్తు అందించే డబ్బా, మెమరీ, తెర, ఇవన్నీ పని చేయించే సాధనాలు. వ్రాసిన దానిని దాచి ఉంచేది హార్డ్ డిస్కు ఒక్కటే. దుకాణం షట్టరు తుప్పు పట్టి బిగుసుకుపోయినంత మాత్రాన లోపల ఉన్న ఖాతా పుస్తకం చెదలు తిన్నట్లు కాదు కదా. షట్టరు వదిలేసి, పుస్తకాన్ని వేరే దారిలో బయటకు తెచ్చి, వేరొకరి బల్ల మీద పెట్టి చదువుకోవచ్చు. ఒక పాత కంప్యూటర్ డిస్కును మరొక కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళు తీసుకోవటం అంటే ఇంతే.

అప్పటికి అమ్మీ ఇద్దత్‌లో ఉన్నారు. మేము పెట్టెను లోపలి గదిలోనే, ఆమె మంచం ఎదుట, నేల మీద దుప్పటి పరచి విప్పాము. ముందుగా కరెంటు తీగ పూర్తిగా తీసివేసి, వెలిగించే మీటను కొద్దిసేపు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన విద్యుత్తు అలా ఖాళీ అవుతుంది. ఇనుప చట్రాన్ని ఒకసారి చేతితో తాకితే ఒంటి మీది స్థిర విద్యుత్తు దిగిపోతుంది. పక్క రేకు తీయగానే మూడున్నర అంగుళాల డిస్కు కనిపించింది. రెండు వైపులా కలిపి నాలుగు మరలు, వెనుక రెండు తీగలు. సన్నగా ఉండి ఏడు మొనలున్న తీగ సమాచారానిది, వెడల్పుగా పదిహేను మొనలున్నది విద్యుత్తుది. ఈ అమరికను సాటా అంటారు. అంతకు ముందు తరం కంప్యూటర్లలో నలభై మొనలున్న వెడల్పాటి పట్టీ తీగ ఉంటుంది. దానిని ఐడీఈ అంటారు. మీ ఇంటి అటక మీద ఉన్నది ఏ రకమో చూసిన తర్వాతే బజారుకు వెళ్ళండి. రెండింటికీ అడాప్టర్లు వేరు, రెండూ కలిసి ఉన్నవి కూడా దొరుకుతాయి.

డిస్కును వేరొక డెస్క్‌టాప్ లోపలే తగిలించవచ్చు. అయితే ఆ కంప్యూటర్ తన విండోస్‌ను వదిలి పాత డిస్కులోని విండోస్‌తో లేవటానికి ప్రయత్నించే అవకాశం ఉంటుంది. కనుక యూఎస్‌బీ అడాప్టరే సులువు. లాప్‌టాప్‌లో ఉండే రెండున్నర అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు సాధారణంగా సరిపోతాయి. డెస్క్‌టాప్ డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి. అందువల్ల విడిగా కరెంటు ప్లగ్గు ఉన్న అడాప్టరే తీసుకోవాలి. మేము మొదట ప్లగ్గు లేనిది తెచ్చి, డిస్కు తిరగకపోవటం చూసి, అది కూడా చచ్చిపోయిందని ఒక పూటంతా బాధపడ్డాము.

సరైన అడాప్టర్ వచ్చాక డిస్కు తిరిగింది. సన్నని, ఒకే స్థాయి శబ్దం. ఇది మంచి గుర్తు. ‘టిక్, టిక్’ అని ఆగి ఆగి కొట్టుకునే శబ్దం వచ్చినా, గీరుకున్నట్లు వినిపించినా వెంటనే కరెంటు తీసివేయాలి. డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళాలు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటాయి. చదివే తల వాటిని తాకకుండా, ధూళి కణం కూడా పట్టనంత సన్నని ఖాళీలో తేలుతుంటుంది. ఆ తల దెబ్బతిన్నప్పుడు మళ్ళీ మళ్ళీ వెలిగించి చూడటమంటే పుస్తకంలోని అక్షరాలను గోటితో గీకివేయటమే. మూత తీసి చూడరాదు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పేవారి మాట వినరాదు. అటువంటి డిస్కు ధూళి లేని గది ఉన్న నిపుణుల పని. అందుకు వేల రూపాయలు అవుతాయి కనుక, లోపల ఉన్నది అంత విలువైనదా అన్న ప్రశ్నకు ముందు ఇంటివారే సమాధానం చెప్పుకోవాలి.

మా మేనల్లుడి లాప్‌టాప్ తెర మీద రెండు డ్రైవులు కనిపించాయి. మొదటిది పాత విండోస్ ఉన్న భాగం. రెండవది అబ్బాజాన్ తన పనులన్నీ పెట్టుకునే డి డ్రైవు. దాని మీద నొక్కగానే ఒక చిన్న పెట్టె వచ్చింది: దీనిని ఉపయోగించాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

ఆ క్షణం మాకు ఇప్పటికీ గుర్తున్నది. భాయిజాన్ హైదరాబాదు నుంచి ఫోనులో ఉన్నారు. “అడుగుతోంది కదా, సరేనని నొక్కండి” అన్నారు. మేనల్లుడు మౌస్ మీద నుంచి చెయ్యి తీసివేసి, “వద్దు మామూ” అన్నాడు. విండోస్ అడిగిన ఆ ప్రశ్నకు అర్థం లోపల ఏమీ లేదని కాదు. పుస్తకం మొదటి పుట చిరిగిపోయింది, ఎక్కడి నుంచి చదవాలో నాకు తెలియటం లేదు, కొత్త పుస్తకం కుట్టమంటారా అని మాత్రమే. సరేనంటే కొత్త అట్ట, కొత్త విషయసూచిక వేస్తుంది. పాత పుటలలో చాలా భాగం ఆ తర్వాత కూడా దొరకవచ్చు గానీ పని పదింతలవుతుంది. మేము ‘రద్దు’ నొక్కి, డిస్కును తీసివేసి, మగ్రిబ్‌కు వెళ్ళిపోయాము. ఆ రోజు మేము చేసిన పనులన్నింటిలోకీ తెలివైనది అదేనని ఇప్పుడనిపిస్తుంది.

మరునాడు కుర్రవాడు తన అధ్యాపకుని అడిగి వచ్చి ఒక నియమం చెప్పాడు. జబ్బుపడిన డిస్కును చదువుతూ కూర్చోరాదు. ముందు దాని మొత్తం నకలును ఒకేసారి మరొక డిస్కు మీదికి తీసుకోవాలి, తర్వాత వెతుకులాటంతా ఆ నకలు మీదే జరగాలి. నకలు చెడితే మరొకటి తీసుకోవచ్చు. అసలు చెడితే మరొకటి లేదు.

అందుకు ఉబుంటు అనే ఉచిత వ్యవస్థను పెన్‌డ్రైవు నుంచి నడిపించి, డిడిరెస్క్యూ అనే ఉచిత సాధనాన్ని వాడాము. అది మొదటి చుట్టులో తేలికగా చదవగలిగిన భాగాలనన్నింటినీ గబగబా నకలు తీసి, మొరాయించిన చోట్లను ఒక పటంలో గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆ చోట్లకు మాత్రమే తిరిగి వెళ్ళి ఓపికగా ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా పటం ఉన్నది కనుక ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఏ డిస్కు నుంచి, ఏ డిస్కుకు అన్నది మనమే టైపు చేసి చెప్పాలి. ఆ రెండు పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి అబ్బాజాన్ డిస్కు మీద కూర్చుంటుంది. మేము డిస్కుల పరిమాణాలను చూసి, కాగితం మీద వ్రాసుకొని, ఇద్దరం వేరువేరుగా చదివి సరిచూసుకున్న తర్వాతే మీట నొక్కాము. ఇషా తర్వాత మొదలైన పనిలో అధిక భాగం గంటన్నరకే అయిపోయింది. మిగిలిన కాసిని చెడు సెక్టార్ల కోసం అది ఫజ్ర్ వరకు పోరాడింది. అమ్మీ తహజ్జుద్‌కు లేచి, తెర మీద కదులుతున్న అంకెలను చూసి, “ఇంకా చదువుతోందా?” అని అడిగి వుజూకు వెళ్ళారు.

చెడిపోయిన చోట్లలో ఒకటి సరిగ్గా డి డ్రైవు మొదటి సెక్టారు. చిరిగిన మొదటి పుట అదే. అల్‌హమ్దులిల్లాహ్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఆ అమరికను రూపొందించిన వారు ఆ పుటకు మరొక ప్రతిని డ్రైవు చిట్టచివర ఉంచారు. టెస్ట్‌డిస్క్ అనే సాధనం ఆ చివరి ప్రతిని తెచ్చి నకలులో మొదటి చోట నిలబెట్టింది. వెంటనే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. ఒకవేళ అది కూడా దొరకకపోతే, ఫోటోరెక్ అనే మరొక సాధనంతో ఫైళ్ళను వాటి ఆకారాన్ని బట్టి ఒక్కొక్కటిగా ఏరుకోవచ్చు. కానీ పేర్లు, ఫోల్డర్లు పోతాయి. వేల ఫైళ్ళను అంకెల పేర్లతో కుప్పగా పోసినట్లు వస్తాయి.

ఇక పాస్‌వర్డ్ సంగతి. అబ్బాజాన్ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉన్నది, అది ఆయనతోనే పోయిందని అమ్మీ మొదటి నుంచీ దిగులు పడ్డారు. దాని అవసరమే రాలేదు. విండోస్‌లోకి ప్రవేశించేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ ఆ ఇంటి వాకిలికి కాపలా మాత్రమే. గోడ తీసి డిస్కును బయటకు తెచ్చినప్పుడు ఆ కాపలాదారు ఎవరినీ ఆపలేడు. విండోస్ ఉన్న మరొక కంప్యూటర్‌లో చూస్తే, పాత వాడుకదారు ఫోల్డరుకు అనుమతి లేదని చెబుతుంది, కొనసాగించమంటే కొంతసేపటికి తెరుస్తుంది. ఉబుంటులో ఆ మాట కూడా ఉండదు. ఎక్స్‌పీ కాలపు డిస్కులలో ఇంటివారి ఫైళ్ళు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అనే ఫోల్డరు లోపల, వారి పేరు కింద ఉంటాయి. ఆ తర్వాతి విండోస్‌లలో ‘యూజర్స్’ కింద. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి కూడా అక్కడే ఉంటాయి. చాలామంది డి డ్రైవు మాత్రమే నకలు తీసుకొని వీటిని మరచిపోతారు.

లెక్కల ఫైళ్ళు రెండు దొరికాయి. ఒకటి ఎక్సెల్ పట్టిక, మరొకటి ఇన్‌పేజ్‌లో వ్రాసినది. సంతోషంతో ఎక్సెల్ ఫైలు తెరిచాము. అంకెలు సరిగ్గా ఉన్నాయి. పేర్లున్న చోట మాత్రం ఏ భాషకూ చెందని ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం.

“నా అక్షరాలన్నీ ఇందులోనే ఉన్నాయి” అన్న అబ్బాజాన్ మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంకేతాల పట్టికగా వచ్చిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నది, విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది కూడా. అయినా డీటీపీ కేంద్రాలు చాలాకాలం అను వంటి పాత ఫాంట్లలోనే పని చేశాయి. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచేది తెలుగును కాదు. ఇంగ్లీషు అక్షరాల గుర్తులనే దాచి, వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలను కప్పుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మ తొలగిపోయి, కింద ఉన్న గుర్తులు బయటపడతాయి. పాత డిస్కులోని ఫాంట్ల ఫోల్డరు నుంచే ఆ ఫాంటును తెచ్చి లాప్‌టాప్‌లో వేయగానే పేర్లన్నీ తెలుగులోకి వచ్చేశాయి. కనుక ఫైళ్ళతో పాటు ఫాంట్లను కూడా తప్పక తీసుకోవాలి. ఇన్‌పేజ్ ఫైలు కథ కూడా ఇటువంటిదే. దాని పాత వెర్షన్లు ఉర్దూను తమ సొంత సంకేతాలలో దాచేవి. వాటిని తెరవటానికి ఇన్‌పేజే కావాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చే సాధనం కావాలి. అబ్బాజాన్ పాత మిత్రులొకరి దగ్గర ఇన్‌పేజ్ ఇంకా ఉన్నది. వారు తెరిచి, ముద్రించి ఇచ్చారు.

ఇక్కడ విషయం నుంచి కొంచెం పక్కకు వెళ్ళినందుకు మన్నించాలి. తెలుగులో వచ్చిన ఇస్లామీయ పుస్తకాలు, అనువాదాలు, పత్రికలు ఎన్నో ఇటువంటి దుకాణాల కంప్యూటర్లలోనే, ఇటువంటి ఫాంట్లలోనే కూర్చబడ్డాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ ఫైళ్ళను నేరుగా తెరవగలిగినవి ఇన్‌డిజైన్ పాత వెర్షన్లే, కొత్తవి తెరవవు. మీ ఇంట్లో రచయిత, అనువాదకుడు, డీటీపీ పనివారు ఎవరైనా ఉండి, వారి పాత కంప్యూటర్ అటక మీద ఉంటే, తూకానికి అమ్మే ముందు ఒకసారి ఆలోచించండి. అచ్చయిన పుస్తకం ప్రతులు అయిపోయి ఉండవచ్చు. మిగిలిన ఒకే ఒక ప్రతి ఆ డబ్బాలో ఉండవచ్చు.

లెక్కల విషయానికి వద్దాము. పెద్దాయన పేరు ఇన్‌పేజ్ ఫైలు రెండవ పుటలో ఉన్నది. నలభై వేలు అందిన తేదీ ఉన్నది. దాని కింద మరొక వరుస: పదిహేను వేలు తిరిగి ఇచ్చినట్లు, ‘కుమారుని ఆపరేషన్ కొరకు’ అని. మిగిలినది ఇరవై ఐదు వేలు. కాగితం తీసుకొని ఆయన ఇంటికి వెళ్ళాము. ఎలా చెప్పాలా అని మేము తడబడుతుండగా ఆయనే కళ్ళజోడు పెట్టుకొని చదివి, తల పట్టుకొని కూర్చున్నారు. “అవును, ఆ రోజు రాత్రి పది గంటలకు ఆసుపత్రికి తెచ్చి ఇచ్చారు. నేనెలా మరచిపోయాను!” ఆయన తప్పేమీ లేదు. ఆ రాత్రి ఆయన మనసు డబ్బు మీద లేదు.

ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో పొడవైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవటం గురించి, సాక్షులను ఉంచుకోవటం గురించి. వ్రాయటం అపనమ్మకానికి గుర్తు కాదని మాకు ఆ పెద్దాయన ముఖం చూసినప్పుడు తెలిసింది. అబ్బాజాన్ వ్రాశారు. అయితే సాక్షులు లేరు, ఆ వ్రాత ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇటువంటి ఫైలును ఏ మేరకు ఆధారంగా తీసుకోవచ్చునని ముఫ్తీ సాహెబ్‌ను అడిగాము. ఇది మీ తండ్రి స్వయంగా వ్రాసుకున్నదేనని మీకు నమ్మకం కుదిరితే, మీ వాటాల కంటే ముందు దీనిని తీర్చండి అన్నారు.

అదే పుటలో మరొక పేరు ఉన్నది. మా వీధి చివర కుట్టుపని చేసుకునే ఒక వితంతువు. నెలకు రెండు వందలు, ఒక్కోసారి ఐదు వందలు, కూతురి పెళ్ళి కోసం దాచమని ఇస్తూ వచ్చారు. మొత్తం పద్ధెనిమిది వేల ఐదు వందలు. ఆమె మా ఇంటికి పరామర్శకు రెండుసార్లు వచ్చారు, అమ్మీ పక్కన కూర్చొని ఏడ్చారు, వెళ్ళిపోయారు. డబ్బు మాట ఎత్తలేదు. అమ్మీ కబురు చేసి పిలిపించి, లెక్క చదివి వినిపించి, సొమ్ము చేతిలో పెట్టినప్పుడు, “కాగితం లేదు కదా ఆపా, అడిగితే మీరేమనుకుంటారోనని” అన్నారు. పెద్దాయన అడగగలిగారు కనుక మేము డిస్కు విప్పాము. ఆయన రాకపోయి ఉంటే ఆ పెట్టె పాత ఇనుము వానికి వెళ్ళిపోయేది, ఆమె అడిగేవారు కాదు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా మాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

ఎక్సెల్ పట్టికలో అబ్బాజాన్‌కు రావలసిన బాకీలు ఉన్నాయి. అందులో కొన్ని తీరేవి కావని చూడగానే తెలిసింది. మా వాటా మేరకు మేము వదులుకున్నాము. ఆ పట్టిక మొదటి వరుసలో మాత్రం అమ్మీ పేరున్నది: ‘మెహర్ బాకీ 3,000’. పెళ్ళినాటి మెహర్‌లో తర్వాత ఇస్తానన్న భాగం. అది కూడా అప్పే, ఆస్తి పంపకానికి ముందు తీర్చవలసినదే. అమ్మీ ఆ సంగతి మాతో ఎన్నడూ అనలేదు. మీ అబ్బాజాన్ దానిని వ్రాసి పెట్టుకున్నారా అని మాత్రం రెండుసార్లు అడిగారు.

ఆ డిస్కులో ఉన్నవన్నీ మావి కావు. అసలు మావి తక్కువే. దుకాణానికి వచ్చిన వారి గుర్తింపు కార్డుల నకళ్ళు, నికాహ్‌నామాలు, సంబంధాల కోసం తయారు చేయించుకున్న ఆడపిల్లల వివరాల పత్రాలు, పాస్‌పోర్టు ఫోటోలు వందల కొద్దీ. పాస్‌వర్డ్ అడ్డులేకుండా అన్నీ మా కళ్ళ ముందు ఉన్నాయి. ఇతరుల గుట్టు వెతకరాదన్న అల్ హుజురాత్ సూరా ఆదేశం తెరచి ఉన్న ఫోల్డరుకు కూడా వర్తిస్తుంది. పేర్లను బట్టి దుకాణం ఫోల్డర్లను వేరు చేశాము, ఏదీ తెరవలేదు. మేనల్లుడు కుతూహలంతో ఒకటి తెరవబోతే ఆపా కేకలేశారు.

వాటిని తుడిచివేసే దగ్గర మరొక పాఠం నేర్చుకున్నాము. ‘డిలీట్’ నొక్కితే ఫైలు చెరిగిపోదు, విషయసూచికలో దాని చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. త్వరగా అయ్యే ఫార్మాట్ కూడా ఇటువంటిదే. మాకు అబ్బాజాన్ లెక్కలు దొరకటానికి వీలు కల్పించిన లక్షణమే, పాత కంప్యూటర్ కొన్న అపరిచితునికి మన ఇంటి ఫోటోలు దొరకటానికి కూడా వీలు కల్పిస్తుంది. తిరిగే డిస్కును ఎవరికైనా ఇచ్చే ముందు దాని నిండా సున్నాలు వ్రాయించాలి. విస్టా నుంచి తర్వాతి విండోస్‌లలో, త్వరిత పద్ధతి ఎంపిక తీసివేసి పూర్తి ఫార్మాట్ చేస్తే ఆ పని జరుగుతుంది. ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ కూడా పాత వ్రాతను అలాగే ఉంచుతుంది.

మా పిల్లల చేతిలో ఉన్న కొత్త లాప్‌టాప్‌ల సంగతి వేరు. వాటిలో తిరిగే పళ్ళాలు ఉండవు, ఎస్‌ఎస్‌డీలు ఉంటాయి. వాటిలో ఒకసారి చెరిపిన ఫైలు తిరిగి దొరకటం అరుదు. పైగా ఇటీవలి విండోస్ 11 యంత్రాలలో చాలావాటిలో డిస్కు మొత్తం దానంతట అదే తాళం వేసుకొని ఉంటుంది. దానిని విప్పి వేరొక కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా తాళం ఆయన మనసులో ఉంటుంది. అబ్బాజాన్ ఎక్స్‌పీని వదిలి మా మాట విని కొత్త లాప్‌టాప్ కొని ఉంటే, ఆ వితంతువు లెక్క మాకు దొరికి ఉండేది కాదేమో. వసీయతు చేయవలసిన విషయమున్న ముస్లిం, దానిని వ్రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపటం తగదన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మా ఇంట్లో ఇప్పుడు భాయిజాన్‌తో సహా అందరమూ ఆ 48 అంకెలను కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి, అమ్మీ బీరువాలో ఉంచాము. అప్పులు, అమానతులు చేతితో వ్రాసే ఒక నోటు పుస్తకం కూడా అక్కడే ఉన్నది. అందులో మొదటి పుటలో అమ్మీ మెహర్ చెల్లింపు, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. అబ్బాజాన్ కుటుంబ ఫైళ్ళ నకళ్ళు మూడు: ఒకటి ఇక్కడ, ఒకటి ఆపా ఇంట్లో, ఒకటి హైదరాబాదులో.

పాత డిస్కును మొన్న మేనల్లుడు సున్నాలతో నింపాడు. చెడిన సెక్టార్ల మీద సున్నాలు పడవు కనుక, ఆ తర్వాత మూత మరలు విప్పి, పళ్ళాలను బయటకు తీసి, మేకుతో గీసి వంచివేశాడు. డెస్క్‌టాప్ డిస్కుల పళ్ళాలు సాధారణంగా అల్యూమినియంవి కనుక వంగుతాయి. లాప్‌టాప్ డిస్కులలో గాజువి ఉంటాయి, అవి ముక్కలై కంటికి ఎగురుతాయి, జాగ్రత్త. లోపల రెండు బలమైన అయస్కాంతాలు దొరికాయి. ఒకటి వాడు తీసుకున్నాడు. రెండవది ఫ్రిజ్ తలుపు మీద అమ్మీ మందుల చీటీని పట్టుకొని ఉన్నది.